బేలింగ్ ప్రెస్ ప్లేట్ దిగేటప్పుడు టకటకా కొట్టుకుంటోంది, ఫ్లో కంట్రోల్ పెట్టినా తగ్గట్లేదు

అట్టల_గోడౌన్_విజయవాడ:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ ఆటోనగర్ దగ్గర అట్టపెట్టెల గోడౌన్, షాపుల నుంచి వచ్చే పాత అట్ట కొని బేల్ కట్టి మిల్లుకి పంపిస్తాం. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక నిలువు బేలింగ్ ప్రెస్ తీసుకున్నాను. సిలిండర్ పైన ఉంటుంది, రాడ్ కిందకి దిగుతుంది, రాడ్ చివర ప్రెస్ ప్లేట్. ప్లేటు, గైడ్లు అన్నీ కలిపి 400 కేజీలు, ఒకసారి విప్పినప్పుడు కాటా మీద పెట్టి చూశాం. సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) 100, రాడ్ 70, స్ట్రోక్ 900 ఎంఎం. మోటార్ 5 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం, గేర్ పంపు చుట్టుకి 8 సీసీ, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేది) 150 బార్‌కి సెట్ చేసి ఉంది. రెండు కాయిల్స్ ఉన్న డీసీ (డైరెక్షనల్ కంట్రోల్, ఆయిల్ దారి మార్చే) వాల్వ్ ఒకటి, పైకి ఒక బటన్, కిందకి ఒక బటన్.

కొన్నప్పటి నుంచి ఉన్న ఇబ్బంది ఏంటంటే కింద బటన్ నొక్కగానే ప్లేట్ దబ్బున దిగిపోయేది, అయిదు సెకన్లలో వచ్చి అట్ట మీద పడేది, పడ్డాక ఇరవై సెకన్ల దాకా ఏమీ జరగదు, మోటార్ తిరుగుతూనే ఉంటుంది కానీ గేజ్‌లో ముల్లు లేవదు, ఆ తర్వాత ఉన్నట్టుండి ప్రెస్ మొదలయ్యేది. సరేలే అలాగే నడిపాం. కానీ దీనికి తోడు ప్లేట్ పైన ఆపి తలుపు తీసి కుర్రాళ్లు అట్ట వేస్తుంటే మెల్లగా కిందకి జారేది, గంటకి జానెడు దాకా. అది కళ్లారా చూశాక నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అట్ట సర్దడానికి వాళ్లు తల లోపలికి పెడతారు.

మెకానిక్‌ని పిలిస్తే డీసీ వాల్వ్ కింద ఒక బ్లాక్ వేశాడు, పైలట్ చెక్ వాల్వ్ అన్నాడు. జారడం నిజంగానే ఆగింది. కానీ అప్పటి నుంచి దిగేటప్పుడు టక టక టక టక అని కొట్టుకుంటూ దిగుతోంది, హోస్ పైపులు ఎగిరెగిరి పడుతున్నాయి, మెషీన్ ఫ్రేమ్ మొత్తం అదురుతోంది, నిపిల్స్ దగ్గర ఆయిల్ చెమ్మ మొదలైంది. ఇంకోటి, బటన్ వదిలేశాక కూడా రెండు అంగుళాలు జారి అప్పుడు ఆగుతోంది. షాపులో అడిగితే స్పీడ్ తగ్గాలంటే ఫ్లో కంట్రోల్ పెట్టుకో అన్నారు, నీడిల్ వాల్వ్ ఒకటి కొని సిలిండర్ పై పోర్ట్‌కి వెళ్లే లైన్లో పెట్టించాను. సగానికి పైగా మూస్తే టక్... టక్... అని గ్యాప్ పెరిగింది గానీ ఆగలేదు, పైకి లేవడం కూడా నెమ్మదించింది, మధ్యాహ్నానికి ట్యాంక్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం.

ఇంత డబ్బు పెట్టాక మళ్లీ ఏదో ఒకటి కొని బిగించడం ఇష్టం లేదు. అసలు లోపల ఏం జరుగుతోందో అర్థమయ్యేలా ఎవరైనా చెప్తే దానికి తగ్గట్టు చేసుకుంటాను.

స్పూల్_మాస్టారు:

వివరాలు ఇంత శుభ్రంగా ఇచ్చినందుకు సంతోషం, చాలామంది "ప్రెస్ పని చెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. రెండు విషయాలు చూసి చెప్పండి. డీసీ వాల్వ్ నేమ్‌ప్లేట్ మీద మూడు గడుల బొమ్మ ఉంటుంది, అందులో మధ్య గడిలో గీతలు ఎలా ఉన్నాయి? రెండోది, సిలిండర్ కింద పోర్ట్‌కి వెళ్లే హోస్ మీద ఏం ప్రింట్ అయి ఉంది?

ఏది ముట్టుకునే ముందైనా ప్లేట్ కింద గట్టి ఇనుప దిమ్మెలు పెట్టి దాని మీద ఆన్చండి. కేవలం మోటార్ ఆపితే సరిపోదు, ఆ 400 కేజీలు ఇప్పుడు మోటార్ మీద ఆధారపడి లేవు, చెక్ వాల్వ్ వెనక ఇరుక్కున్న ఆయిల్ మీద ఉన్నాయి.

అట్టల_గోడౌన్_విజయవాడ:

చూశాను మాస్టారు. మధ్య గడిలో పీ (పంపు) నుంచి టీకి (ట్యాంకు) గీత కలిపి ఉంది, సిలిండర్‌కి వెళ్లే ఏ, బీ రెండూ అడ్డగీతతో మూసి ఉన్నాయి. హోస్ అర అంగుళం, మీద ఆర్1 అని, 160 బార్ అని ఉంది. రెండు హోసులూ అవే.

స్పూల్_మాస్టారు:

సరే, ఇప్పుడు మొత్తం కథ దొరికింది. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు డీసీ వాల్వ్ ఏం చేస్తుందో చూద్దాం. అది స్పీడ్ సంగతి చూడదు, దారి మాత్రమే మారుస్తుంది. లోపల స్పూల్ అనే గుండ్రటి కడ్డీ అటూ ఇటూ జరుగుతుంది, దాని మీద గాళ్లు ఉంటాయి. ఒక కాయిల్ లాగితే పంపు ఆయిల్ ఏ లైన్లోకి పోయి, బీ లైన్లో ఉన్నది ట్యాంకుకి వెళ్తుంది, రెండో కాయిల్ లాగితే తిరగబడుతుంది. బటన్ వదిలేస్తే స్ప్రింగులు మధ్యలోకి తెస్తాయి. మీ మధ్య గడి ప్రకారం అప్పుడు పంపు ఆయిల్ నేరుగా ట్యాంకుకి పోతుంది, అందుకే ఖాళీగా ఉన్నప్పుడు మోటార్ మీద లోడ్ పడదు, అది మంచిదే. ఏ, బీ మూసుకున్నాయి కాబట్టి ప్లేట్ ఆగాలి, కానీ పూర్తిగా ఆగదు. స్పూల్ జరగాలంటే బాడీకి దానికి మధ్య కొన్ని మైక్రాన్ల సందు ఉండి తీరాలి, ఆ సందులోంచి ఆయిల్ ఎప్పుడూ కొద్దికొద్దిగా కారుతుంది. కొత్త వాల్వ్‌లో తక్కువ, అరిగిన దాంట్లో ఎక్కువ. గంటకి జానెడు జారడం అదే. స్పూల్ వాల్వ్ మీద భరోసా పెట్టి బరువు కింద మనిషిని నిలబెట్టకూడదు, మీరు భయపడింది న్యాయమే.

ఇక దబ్బున పడటం. మీ పంపు నిమిషానికి సుమారు 11 లీటర్లు ఇస్తుంది. 100 బోర్ అంటే పైన పిస్టన్ ఏరియా 78.5 చదరపు సెంటీమీటర్లు. 11,000 సీసీని దానితో భాగిస్తే నిమిషానికి 140 సెంటీమీటర్లు, అంటే సెకనుకి 2.3. అట్ట దాకా 60 సెంటీమీటర్లు అనుకుందాం, ప్లేట్ తిన్నగా పంపు ఎంత ఇస్తే అంతే దిగితే దానికి 26 సెకన్లు పట్టాలి, మీకు అయిదు సెకన్లలో పడుతోంది. అంటే పంపు నింపేలోపే బరువు పిస్టన్‌ని లాక్కుపోతోంది, పైన ఆయిల్ లేని ఖాళీ ఏర్పడుతోంది. పడ్డాక ఇరవై సెకన్లు ఏమీ జరగట్లేదన్నారే, ఆ టైమంతా పంపు ఆ ఖాళీని నింపుతోంది. అయిదూ ఇరవై ఇరవై అయిదు, లెక్క సరిగ్గా అక్కడికే వచ్చింది చూడండి.

ఇప్పుడు టకటక. పైలట్ చెక్ వాల్వ్ అంటే తాళం. కింద లైన్లోని ఆయిల్‌ని బయటికి పోనివ్వదు, పై లైన్లో ప్రెషర్ వస్తే ఒక చిన్న పిస్టన్ ఆ తాళాన్ని తోసి తెరుస్తుంది. మీరు కింద బటన్ నొక్కారు, పైన ప్రెషర్ వచ్చింది, తాళం తెరుచుకుంది, తెరుచుకోగానే 400 కేజీలు పరిగెత్తాయి, పరిగెత్తగానే పైన ప్రెషర్ పడిపోయింది, పడిపోగానే తాళం ఠక్కున మూసుకుంది, ప్లేట్ గాల్లో ఆగింది, ఆగితే మళ్లీ పైన ప్రెషర్ పెరిగింది, మళ్లీ తెరుచుకుంది. ఇదే సెకనుకి కొన్నిసార్లు జరుగుతోంది. తాళానికి సగం తెరవడం తెలీదు.

మీరు పెట్టిన నీడిల్ వాల్వ్ పైన లైన్లో ఉంది, అంటే సిలిండర్‌లోకి వచ్చే ఆయిల్‌ని తగ్గిస్తోంది. దిగే బరువుని అలా పట్టలేం. బావిలోకి చేద దింపేటప్పుడు ఏం చేస్తాం, తాడు చేతిలో బిగించి కొద్దికొద్దిగా వదులుతాం, అంతే కదా. ఇక్కడ తాడు అంటే రాడ్ వైపు నుంచి బయటికి పోయే ఆయిల్. దాన్ని పట్టుకోవాలి. మీరు పైనుంచి వచ్చేది తగ్గించారు గానీ బయటికి పోయేదాన్ని పట్టుకోలేదు, అందుకే టక్ టక్ మధ్య గ్యాప్ పెరిగిందే తప్ప అది ఆగలేదు.

వేడి ఎందుకంటే, నీడిల్ మూశాక పంపు ఇచ్చే 11 లీటర్లలో కొంత నీడిల్ గుండా నలుగుతూ పోతుంది, మిగిలింది రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ట్యాంకులో పడుతుంది, రెండూ 150 బార్ నుంచి ఒక్కసారి జీరోకి. లీటర్లని బార్‌తో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు. 11 ఇంటూ 150 బై 600 అంటే 2.75 కిలోవాట్లు. స్నానానికి నీళ్లు కాచే హీటర్ రాడ్లు రెండు తెచ్చి ట్యాంకులో వేలాడదీసినట్టే. పైకి లేపేటప్పుడు ఇంకా ఘోరం, కింద 11 లీటర్లు వెళ్తే పైనుంచి దాదాపు 22 లీటర్లు బయటికి రావాలి, ఎందుకంటే రాడ్ లేని వైపు ఏరియా రెట్టింపు. ఆ 22 లీటర్లూ సగం మూసిన నీడిల్‌లోంచి దూరాలి. అందుకే లేవడం నెమ్మదించింది.

చెయ్యాల్సింది, ఆ నీడిల్ తీసెయ్యండి, రాడ్ వైపు లైన్లో చెక్ వాల్వ్ కలిసి ఉన్న త్రాటిల్ (ఆయిల్ దారిని ఇరుకు చేసే వాల్వ్) పెట్టండి. ఒకవైపు నియంత్రిస్తుంది, పైకి లేపేటప్పుడు చెక్ గుండా ఫ్రీగా వదిలేస్తుంది. మీ బ్లాక్ స్టైల్లోనే శాండ్‌విచ్ త్రాటిల్ దొరుకుతుంది, బోల్టులు పొడుగువి వెయ్యాలి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, త్రాటిల్ సిలిండర్ వైపు ఉండాలి, పైలట్ చెక్ డీసీ వాల్వ్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే త్రాటిల్ ముందు పేరుకునే ప్రెషర్ పైలట్ పిస్టన్‌కి ఎదురు తోస్తుంది, మళ్లీ టకటక మొదలు.

బటన్ వదిలాక రెండు అంగుళాలు జారడానికి కారణం మీ మధ్య గడి. మధ్యలో ఏ, బీ మూసుకుంటే పైలట్ లైన్లో ప్రెషర్ పోవడానికి దారి లేక ఇరుక్కుంటుంది, అది స్పూల్ సందుల్లోంచి కారిపోయేదాకా తాళం పూర్తిగా పడదు. పైలట్ చెక్ పెట్టినప్పుడు మధ్యలో ఏ, బీ రెండూ ట్యాంకుకి తెరుచుకునే స్పూల్ కావాలి. చాలా కేటలాగుల్లో మీది జీ అని ఉంటుంది, మీకు కావాల్సింది హెచ్, నాలుగూ మధ్యలో కలిసిపోయేది, పంపు కూడా ఖాళీగా తిరుగుతుంది. బ్లాక్ వేసిన మనిషి ఇది చూసి వెయ్యాల్సింది.

బాలానగర్_ఫిట్టర్:

అన్నా, మాస్టర్ చెప్పింది మొత్తం కరెక్టే, ముఖ్యంగా హెచ్ స్పూల్ సంగతి, చానామంది గదే మర్చిపోతరు. కని త్రాటిల్ కాడ జర ఆగుర్రి. మీ హోస్ ఆర్1, 160 బార్ అన్నరు కదా, గదే నన్ను భయపెడ్తున్నది.

రాడ్ 70 అంటే రాడ్ వైపు ఏరియా 78.5ల నుంచి 38.5 తీసేస్తే 40. పైన కింద తేడా 1.96 రెట్లు. ఇప్పుడు రాడ్ వైపు త్రాటిల్ బాగా మూసినవ్ అనుకో, ప్లేట్ మెల్లగ దిగాలె అని. పంపు 11 లీటర్లు ఇస్తనే ఉంటది, సిలిండర్ తీస్కునేది తక్కువ, మిగిలింది రిలీఫ్ తెరుస్తది, అంటే పైన 150 బార్ నిలవడ్డది. కింద ఇంకా అట్ట తగల్లే, రాడ్‌కి ఎదురు ఏం లేదు. గా 150 బార్ పిస్టన్ మీద తోస్తుంటే కింద చిన్న ఏరియా మోయాలె. 150 ఇంటూ 1.96 అంటే 294, దానికి ప్లేట్ బరువు 10 బార్ కలుపు, 304 బార్. గేజ్ పంపు కాడ ఉంటది కాబట్టి 150 అనే చూపిస్తది, నీకు ఏం తెల్వది. 160 బార్ హోస్‌ల 304 బార్. ఒక షెడ్డుల గిట్లనే అయింది, నేను పోయి చూసిన. హోస్ నిపిల్ నుంచి ఊడి బయటికొచ్చింది, ఆయిల్ కప్పు దాక ఎగిరింది, నసీబు మంచిగుండి అప్పుడు ముంగట ఎవ్వరు లేరు.

అందుకని రాడ్ వైపు త్రాటిల్ పెడ్తె ప్లేట్ పరుగు ఆగే దాకనే మూయాలె, అంటే పంపు ఇచ్చే స్పీడ్‌కి సమానం అయ్యే దాక, అంతకు మించి మూయొద్దు. అసలు ఫస్ట్ కింద లైన్ల టీ పెట్టి ఒక 400 బార్ గేజ్ బిగించు, గది చూస్కుంట మూయి. హోస్ ఆర్2 (లోపల రెండు పొరల తీగ అల్లిక ఉండేది) వెయ్యి, అర అంగుళంల గది 275 బార్ పని ప్రెషర్‌కి వస్తది. గదైనా 304 కంటె తక్కువే, మళ్ల యాదికి పెట్టుకో.

ఆయిల్ చెమ్మ ఉన్న కాడ చెయ్యి పెట్టి చూడకు అన్నా. సన్నటి రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ కంటికి కనవడది, చర్మంలకు దిగుతది, చూస్తే చిన్న సూది పోటు లెక్కనే ఉంటది కని చెయ్యి తీసేసే దాక పోతది. అట్ట ముక్క పట్టుకోని చూడు, మీ కాడ అట్టకేం తక్వ లేదు గదా.

స్పూల్_మాస్టారు:

ఆ లెక్క నేను ముందే చెప్పి ఉండాల్సింది, ఫిట్టర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పంపు ఫ్లో కంటే తక్కువకి త్రాటిల్ మూయకండి.

దమ్మామ్_క్రేన్లు:

నమస్కారం అండి. మాది రాజోలు దగ్గరండి, పన్నెండేళ్లుగా ఇక్కడ సౌదీలో దమ్మామ్‌లో మొబైల్ క్రేన్ల హైడ్రాలిక్స్ చూస్తున్నాను. మీ ఇబ్బంది క్రేన్ బూమ్ (పొడుగు చెయ్యి) దించేటప్పుడు వచ్చే ఇబ్బందే, అదే బరువు, అదే పరుగు. క్రేన్లలో దీనికి పైలట్ చెక్ వాడరండి, కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వ్ వాడతారు.

అది కూడా రాడ్ వైపు ఆయిల్‌ని పట్టి ఉంచేదే, కానీ తాళంలా పూర్తిగా తెరవడం పూర్తిగా మూయడం కాదండి, ఎంత కావాలంటే అంత తెరుచుకుంటుంది. లోపల స్ప్రింగ్ ఉంటుంది, దానికి ఎదురు రెండు ప్రెషర్లు తోస్తాయి, ఒకటి కింద ఉన్న బరువు ప్రెషర్, రెండోది పైన పంపు లైన్ నుంచి వచ్చే పైలట్. ప్లేట్ పంపు కంటే ముందుకి పోబోతే పైన ప్రెషర్ తగ్గుతుంది, వెంటనే వాల్వ్ కొంచెం ముడుచుకుంటుంది, ప్లేట్ నెమ్మదిస్తుంది, మళ్లీ పైన ప్రెషర్ వస్తే కొంచెం విప్పుకుంటుంది. కంటికి నున్నగా ఒకే స్పీడ్‌లో దిగుతున్నట్టు ఉంటుందండి. అట్ట తగిలి ప్రెస్ మొదలయ్యాక పైన 100, 150 బార్ ఉంటుంది కదా, అప్పుడు పైలట్ దాన్ని పూర్తిగా తెరిచేస్తుంది, కింద ఎదురు ప్రెషర్ దాదాపు ఉండదు, మీ 12 టన్నుల బలం మొత్తం అట్ట మీదే పడుతుంది. ఫిట్టర్ గారు చెప్పిన 304 బార్ గొడవ కూడా రాదు.

సెట్టింగ్ బరువు ప్రెషర్‌కి 1.3 రెట్లు పెట్టుకోవాలండి. మీకు 400 కేజీలు బై 40, అంటే 10 బార్, 13 నుంచి 15 దగ్గర పెట్టండి. షాపులో అడిగేటప్పుడు తక్కువ రేంజ్ స్ప్రింగ్ ఉన్నది అడగండి, క్రేన్లకి వాడేవి మామూలుగా పెద్ద సెట్టింగ్‌వి, మీ చిన్న ప్రెషర్‌కి సరిగా అడ్జస్ట్ అవ్వవు. పైలట్ రేషియో (పైలట్ ప్రెషర్ ఎన్ని రెట్ల బలంతో వాల్వ్‌ని తెరుస్తుందో ఆ లెక్క) 3:1 లేదా 4:1 అయితే మీ లాంటి మారని బరువుకి హాయిగా ఉంటుంది.

ఒక ప్రమాదం ఉందండి. కొన్ని కంపెనీల కౌంటర్‌బ్యాలెన్స్ కార్ట్రిడ్జిలో స్క్రూ గడియారం దిశలో తిప్పితే సెట్టింగ్ తగ్గుతుంది, రిలీఫ్ వాల్వ్‌కి పూర్తిగా ఉల్టా. బిగిస్తున్నాం కదా అనుకుని తిప్పితే ప్లేట్ కింద పడుతుంది. ప్లేట్ దిమ్మెల మీద ఆన్చి, కాగితంలో ఎటు తిప్పాలో చదివి, అప్పుడు అలెన్ కీ పట్టుకోండి.

ఇంకా ముఖ్యమైనది, దాన్ని డీసీ వాల్వ్ దగ్గర పెట్టకండి, సిలిండర్ కింద పోర్ట్ మీదే ఇనుప నిపిల్‌తో నేరుగా బిగించండి. మీ ఇప్పటి పైలట్ చెక్ బ్లాక్ దూరంగా పవర్ ప్యాక్ మీద ఉంది, మధ్యలో హోస్ ఉంది. ఆ హోస్ పగిలితే చెక్ వాల్వ్ ఎంత బాగున్నా ప్లేట్ పడిపోతుందండి. పోర్ట్ మీద ఉంటే హోస్ తెగినా ప్లేట్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. తల లోపల పెట్టే కుర్రాళ్ల కోసం అడుగుతున్నారు కదా, ఈ ఒక్క పని మాత్రం చెయ్యండి.

పిస్టన్ సీల్ కూడా చూడండి. రాడ్ పూర్తిగా కిందకి దించి, ప్లేట్ ఆన్చి, పంపు ఆపి, రెండు లైన్లలో ప్రెషర్ వదిలేశాక కింద హోస్ విప్పి, ఊడిన హోస్‌కి ప్లగ్ వేసి, అందరూ దూరంగా నిలబడి పైన ప్రెషర్ ఇవ్వాలండి. కింద పోర్ట్‌లోంచి ఆయిల్ ఆగకుండా వస్తుంటే సీల్ పోయినట్టు. అది పోతే ఏ వాల్వ్ పెట్టినా జారుతుంది.

అట్టల_గోడౌన్_విజయవాడ:

దండం అండి అందరికీ. ఒక్క సందేహం. నున్నగా దిగితే 26 సెకన్లు అన్నారు, ఇంతకుముందు అయిదు సెకన్లలో దిగేది, రోజుకి బేళ్లు తగ్గవా? కుర్రాళ్లు అదే అడుగుతున్నారు.

బాలానగర్_ఫిట్టర్:

తగ్గవన్నా. అయిదు సెకన్లు దిగుడు, ఇరవై సెకన్లు ఖాళీ నిండుడు, మొత్తం అప్పుడైనా గంతే కదా. పంపు పోసే ఆయిల్ అంతే ఉన్నప్పుడు ప్లేట్ ముందు ఉరికితే ఏం లాభం. నిజంగ స్పీడ్ కావాల్నంటే రీజెనరేటివ్ సర్క్యూట్ చేపియ్యి, దిగేటప్పుడు కింద నుంచి వచ్చే ఆయిల్‌ని ట్యాంకుకి కాకుండ పైకే మలుపుతరు. మీది రాడ్ ఏరియా బోర్‌ల సగం ఉంది కాబట్టి స్పీడ్ రెండింతలు అయితది, 26 కాస్త 13 సెకన్లు. అట్ట తగిలినంక మామూలుగ మార్చాలె, లేకపోతె బలం సగమే. దానికి ఇంకో వాల్వ్, ప్రెషర్ స్విచ్ కావాలె. ముందు ఇది సాఫ్ చేస్కో.

స్పూల్_మాస్టారు:

ఎప్పుడైనా నెమ్మదిగా దిగాలనిపిస్తే పై లైన్ నుంచి ట్యాంకుకి ఒక చిన్న ఫ్లో కంట్రోల్ పక్కదారి పెట్టుకోవచ్చు. ఎక్కువైన ఆయిల్ 150 బార్ దాకా ఎక్కకుండా అప్పుడున్న ప్రెషర్‌లోనే పోతుంది, కాబట్టి వేడి తక్కువ. ప్రెషర్ కాంపెన్సేటెడ్ రకం కొంటే లోడ్ మారినా స్పీడ్ పెద్దగా మారదు. మామూలు నీడిల్‌లో ప్రెషర్ తేడా నాలుగు రెట్లు అయితే ఫ్లో రెట్టింపు అవుతుంది, ప్రెస్ ఎక్కేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. మీ పనికి ఇది అత్యవసరం కాదు.

అట్టల_గోడౌన్_విజయవాడ:

పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి, సామాను రావడానికే వారం పట్టింది.

నీడిల్ తీసేశాం. పైలట్ చెక్ బ్లాక్ తీసేశాం. హెచ్ స్పూల్ ఉన్న డీసీ వాల్వ్ వేశాం, అదే నాలుగు ఎం5 బోల్టుల సబ్‌ప్లేట్ మీద సరిపోయింది. కౌంటర్‌బ్యాలెన్స్ సిలిండర్ కింద పోర్ట్ మీదే బిగించాం, హోసులు రెండూ ఆర్2 మార్చాం. పాత హోస్ నిపిల్ దగ్గర కోసి చూస్తే లోపల తీగలు తుప్పు పట్టి విరిగిపోయి ఉన్నాయి, చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. సీల్ టెస్ట్ క్రేన్ల అన్నగారు చెప్పినట్టే చేశాం, చుక్కలు పడ్డాయి గానీ ధార రాలేదు.

సెట్టింగ్ చేసే రోజు ప్లేట్ కింద రైలు పట్టా ముక్కలు నిలబెట్టి, గేజ్ చూస్తూ పావు చుట్టు చొప్పున తిప్పాం. మాకు వచ్చిన దాంట్లో నిజంగానే బిగిస్తే తగ్గే రకం, కాగితం చదవకపోతే తప్పు జరిగేది. 14 బార్ దగ్గర లాక్ నట్ వేశాం. కింద బటన్ నొక్కితే ప్లేట్ లిఫ్ట్ దిగినట్టు దిగింది, చప్పుడు లేదు. ఫోన్లో టైమ్ పెట్టి చూస్తే అట్ట తగిలేసరికి 27 సెకన్లు, తగిలిన మరుక్షణం గేజ్ ముల్లు లేచింది. బటన్ వదిలితే అక్కడే ఆగుతోంది. సాయంత్రం గైడ్ మీద సుద్దముక్కతో గీత పెట్టి వెళ్లాను, పొద్దున వచ్చేసరికి ప్లేట్ అంచు గీత మీదే ఉంది. అయినా తలుపు తీసేటప్పుడు పట్టా ముక్క అడ్డం పెట్టాకే చెయ్యి లోపల పెట్టాలని కుర్రాళ్లకి చెప్పాను, దానికి గొలుసు వేసి తలుపుకే తగిలించాను.

ట్యాంక్ సాయంత్రానికి గోరువెచ్చగా ఉంటోంది. ఆయిల్ ఎలాగూ నురగ పట్టి ఉంది కాబట్టి మార్చేద్దాం అనుకుంటున్నాను, 68 గ్రేడ్ పోయాలా 46 పోయాలా?

స్పూల్_మాస్టారు:

చాలా సంతోషం. మన ఎండలకి 68 పోయండి, 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్ ఉంటుంది, గేర్ పంపుకి హాయి. కొత్త ఆయిల్ పొయ్యకముందే ట్యాంకు అడుగు తుడిచి, సక్షన్ జాలీ కడగండి. గోడౌన్లో అట్ట దుమ్ము ఎక్కువ కదా, బ్రీదర్ మూత (ట్యాంకుకి గాలి ఆడే మూత) కూడా కొత్తది వెయ్యండి, ఆ దుమ్మే వెళ్లి స్పూల్ సందుల్లో ఇరుక్కుంటుంది. మీ కాయిల్స్ 230 వోల్ట్ ఏసీవి అయితే స్పూల్ ఇరుక్కున్న రోజు కాయిల్ కూడా కాలిపోతుంది.

అట్టల_గోడౌన్_విజయవాడ:

ఏసీవే మాస్టారు. బ్రీదర్ రేపే తెప్పిస్తాను.